టైర్ పంక్చరైతే కంగారు పడకుండా ఎలా మార్చుకోవాలి? కారుని ఎలా చూసుకోవాలి?

కారు టైర్ మార్చడం పెద్ద విద్యేమీ కాదు. అలవాటున్న మెకానిక్ పది నిమిషాల్లో ముగిస్తాడు, కొత్తవాళ్లకి అరగంట పట్టొచ్చు. ప్రమాదమంతా ఆ పని ఎక్కడ చేస్తున్నాం, ఏది ముందు ఏది వెనక చేస్తున్నాం అన్నదాంట్లోనే ఉంది. నట్టు ఊడి రావడం లేదని తంటాలు పడుతూ, వెనక నుంచి దూసుకొచ్చే లారీల సంగతే మర్చిపోయేవాళ్లు చాలామంది. ఇంకొందరికి డిక్కీ తెరిచాక గానీ స్టెప్నీలో కూడా గాలి లేదని తెలియదు. అందుకే సగం పని ఇంటి దగ్గరే అయిపోవాలి.

ఇంటి దగ్గర చూసుకోవాల్సినవి

ముందు డిక్కీలో చాప ఎత్తి చూడండి. స్టెప్నీ, జాకీ, వీల్ పానా మూడూ ఉన్నాయా? కొన్ని కార్లకి స్టెప్నీ అసలు ఇవ్వరు. దాని బదులు చిన్న కంప్రెసర్, చిల్లు పూడ్చడానికి టైర్‌లోకి ఎక్కించే సీలెంట్ డబ్బా ఉంటాయి. ఎలక్ట్రిక్ కార్లలో ఇది మామూలే. మీ కారులో ఏముందో ఇప్పుడే తెలుసుకుంటే మంచిది. చక్రాలకి దొంగలు ఎత్తుకెళ్లకుండా లాక్ నట్లు వేయించి ఉంటే, వాటి తాళం ముక్క కారులోనే ఉండాలి. అది ఇంట్లో బీరువాలో ఉండిపోతే చేతిలో ఎంత మంచి పానా ఉన్నా ఆ చక్రం ఊడదు.

వీటికి తోడు టార్చ్, చేతి తొడుగులు, ఎర్రగా మెరిసే హెచ్చరిక త్రికోణం, చక్రానికి అడ్డుపెట్టే రెండు చెక్క దిమ్మలు పెట్టుకోండి. ఒక పలక చెక్క కూడా ఉంటే మెత్తటి నేలలో జాకీ కింద వేసుకోవచ్చు.

ఏదో ఒక తీరిక రోజున ఇంటి ముందు చదునైన చోట ఒకసారి చక్రం విప్పి బిగించి చూడండి. నట్లు ఎంత బిగుతుగా ఉంటాయో, జాకీ ఎక్కడ పెట్టాలో చేతులకి తెలిసిపోతే, రాత్రి వానలో రోడ్డు పక్కన ఉన్నప్పుడు సగం టెన్షన్ తగ్గుతుంది.

గాలి దిగుతోందని అనుమానం వస్తే

స్టీరింగ్ ఒక పక్కకి లాగడం, కింద నుంచి టపటపమని చప్పుడు, కారు వెనక భాగం ఊగినట్టు అనిపించడం, ఇవి గుర్తులు. టైర్ ఒక్కసారిగా పేలితే కాలు బ్రేక్ మీదికి దానంతటదే పోతుంది. అదే చేయకూడదు. గట్టిగా బ్రేక్ నొక్కితే పేలిన చక్రం వైపు కారు తిరిగిపోతుంది. రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, కారుని తిన్నగా ఉంచి, యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీయండి. వేగం బాగా తగ్గాక బ్రేక్ మీద కాలు ఆనించి రోడ్డు పక్కకి తీసుకోండి.

గాలి లేని టైర్ మీద నడిపితే దాని పక్క గోడలు లోపల నలిగిపోతాయి. బయటికి బాగానే కనిపించినా మళ్లీ పనికిరాదు. అలాగని మలుపులోనో వంతెన మీదో ఆగిపోవద్దు. హజార్డ్ లైట్లు వేసుకుని నడక వేగంతో సురక్షితమైన చోటిదాకా వెళ్లండి. టైర్ పోతే కొత్తది కొనుక్కోవచ్చు. రోడ్డుకి ఎడంగా, చదునుగా, గట్టి నేల ఉన్న చోటు కావాలి. అలాంటి చోటు దొరక్కపోయినా, పంక్చరైన చక్రం బండ్లు పోయే వైపే ఉండి పక్కన నిలబడే జాగా లేకపోయినా మీరు మార్చే ప్రయత్నం చేయొద్దు. అందరూ దిగి దూరంగా నిలబడి, సహాయం కోసం ఫోన్ చేయండి. చేతకాక కాదు, అదే తెలివైన పని.

టైర్ మార్చే వరుస

1. హజార్డ్ లైట్లు వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, ఇంజిన్ ఆపండి. గేర్ల బండైతే మొదటి గేర్‌లో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఉంచండి. పిల్లలతో సహా అందర్నీ ట్రాఫిక్ లేని వైపు దింపేయండి.

2. త్రికోణాన్ని కారుకి బాగా వెనక పెట్టండి. వేగంగా బండ్లు వచ్చే రోడ్డైతే ఇంకా దూరంగా పెట్టాలి. దగ్గరగా పెడితే వెనక వచ్చేవాడికి అది, కారు ఒకేసారి కనిపిస్తాయి, లాభం లేదు.

3. పంక్చరైన చక్రానికి ఐమూలగా ఉన్న చక్రానికి ముందూ వెనకా దిమ్మలు అడ్డుపెట్టండి. హ్యాండ్ బ్రేక్ వేశాం కదా అని దీన్ని వదిలేయొద్దు. చాలా కార్లలో హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వెనక చక్రం ఒకటి పైకి లేపితే ఆ పట్టు సగానికి తగ్గిపోతుంది. ఇంజిన్ ముందు చక్రాలని తిప్పే కారులో ముందు చక్రం లేపితే గేరు పట్టు కూడా పనిచేయదు, ఎందుకంటే గాల్లో ఉన్న చక్రం ఊరికే తిరుగుతుంది.

4. జాకీ ముట్టుకోకముందే నట్లు వదులు చేయండి. కారు నేల మీద ఉన్నంతసేపే చక్రం కదలకుండా ఉంటుంది. పానాని నట్టు మీద పూర్తిగా దిగేలా పెట్టి, పిడి మీ ఎడమ వైపు నేలకి సమానంగా ఉండేట్టు చూసుకుని కిందికి నొక్కండి. చేతి బలం చాలకపోతే కాలు ఆనించి బరువు వేయొచ్చు, గెంతొద్దు. ఒక్కో నట్టు పావు చుట్టు తిరిగితే చాలు, పూర్తిగా విప్పొద్దు.

5. జాకీ పెట్టే చోటు ముఖ్యం. తలుపుల కింద అంచు వెంబడి చేత్తో తడిమితే, ముందు చక్రానికి కాస్త వెనకా, వెనక చక్రానికి కాస్త ముందూ గాట్లుగానీ గట్టి భాగంగానీ తగులుతుంది. జాకీ తల అక్కడే కూర్చోవాలి. వేరేచోట పెడితే రేకు నొక్కుకుపోతుంది, లేదా జాకీ జారుతుంది. ఎలక్ట్రిక్ కారులో అడుగున బ్యాటరీ ఉంటుంది కాబట్టి మాన్యువల్‌లో చూపిన చోటు తప్ప ఇంకెక్కడా పెట్టకూడదు.

6. చక్రం నేలని వదిలాక ఇంకాస్త లేపండి, గాలి నిండిన స్టెప్నీ పట్టడానికి ఆ మాత్రం ఎత్తు కావాలి. జాకీ మీద ఉన్న కారు కిందికి చెయ్యిగానీ తలగానీ పెట్టొద్దు. స్టెప్నీని కారు అంచు కిందికి అడ్డంగా తోసి ఉంచండి. జాకీ జారినా కారు దాని మీద ఆగుతుంది.

7. నట్లు విప్పి ఒకేచోట పెట్టి, చక్రాన్ని రెండు చేతులా తిన్నగా మీ వైపు లాగండి. కారు కింద ఉంచిన స్టెప్నీని బయటికి లాగి, దాని చోట ఈ చక్రాన్ని తోయండి.

8. స్టెప్నీని బోల్టులకి ఎక్కించి, నట్లని ముందు చేత్తోనే తిప్పండి. నట్టుకి ఏటవాలుగా ఉన్న వైపు రిమ్ వైపు ఉండాలి. చేత్తో నాలుగు చుట్లు సాఫీగా తిరగకపోతే మర వంకరగా పట్టిందని అర్థం, వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. నూనెగానీ గ్రీజుగానీ రాయొద్దు. రాస్తే అదే బలానికి నట్టు ఎక్కువ బిగిసిపోయి బోల్టు సాగుతుంది.

9. కారు కింద ఉంచిన పాత చక్రాన్ని లాగేసి, కారుని టైర్ నేలకి ఆనేదాకా దించి అప్పుడు గట్టిగా బిగించండి. ఒకటి బిగించాక పక్కది కాకుండా ఎదురుది బిగించాలి. ఐదు నట్లుంటే నక్షత్రం గీసినట్టు ఒకటి వదిలి ఒకటి. వరసగా బిగిస్తే రిమ్ ఒక పక్కకే కూర్చుంటుంది. అన్నీ అయ్యాక మరో రౌండ్ వేయండి.

ఒక్కోసారి నట్లన్నీ తీశాక కూడా చక్రం కదలదు. తుప్పు పట్టి హబ్‌కి, అంటే చక్రం బిగించే మధ్య భాగానికి, అంటుకుపోయి ఉంటుంది. జాకీ మీద ఉన్న చక్రాన్ని కాలితో తన్నడం చాలామంది చేసే పనే, కానీ ప్రమాదం. నట్లు తిరిగి చేత్తో పెట్టి, కాస్త వదులుగానే ఉంచి, కారుని మెల్లగా నేలకి దించండి. కారు బరువుకి ఆ పట్టు సాధారణంగా వదిలిపోతుంది. మళ్లీ లేపి తీయొచ్చు.

మార్చాక

ఒక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి బిగించి చూడండి. షాపులో టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించామో కొలిచే పానా) చూపిస్తే ఇంకా మంచిది, మెకానిక్ బలంగా బిగించడం వేరు, సరిగ్గా బిగించడం వేరు. సన్నటి తాత్కాలిక స్టెప్నీ అయితే సాధారణంగా గంటకి 80 కిలోమీటర్లు దాటకూడదు, దాని మీద రాసి ఉంటుంది. దాంట్లో గాలి కూడా ఎక్కువ ఉండాలి, చాలావాటికి 60 పాయింట్లు (పీఎస్ఐ).

ట్యూబ్‌లెస్ టైర్‌లో మేకు దిగి కనిపిస్తే పీకేయాలనిపిస్తుంది. పీకొద్దు. ఆ మేకే చాలావరకు చిల్లుని మూసి ఉంచుతుంది. గాలి చూసుకుంటూ మెల్లగా పంక్చర్ షాపుకి వెళ్లొచ్చు. నేలకి తగిలే భాగంలో చిన్న చిల్లైతే బాగు చేస్తారు. పక్క గోడలో కోత పడితే మాత్రం మార్చాల్సిందే. సీలెంట్ కూడా ఆ చిన్న చిల్లులకే పనికొస్తుంది. వాడితే షాపులో ముందే చెప్పండి, లోపల జిగురు చూసి వాళ్లు విసుక్కోకుండా ఉంటారు.

నెలకోసారి పావుగంట

పంక్చర్లు అన్నీ మేకుల వల్లే కావు. గాలి తక్కువగా ఉన్న టైర్ ఎక్కువ వంగి, వేడెక్కి, పాడవుతుంది. టైర్లు తమంతట తామే నెలకి సుమారు ఒక పాయింటు గాలి కోల్పోతాయి. చలికి ఇంకా తగ్గుతుంది, దాదాపు ఐదారు డిగ్రీల సెల్సియస్ తేడాకి ఒక పాయింటు. కారు తిరగకముందు, చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తెరిస్తే లోపలి అంచు మీదగానీ పెట్రోల్ మూత లోపలగానీ రాసి ఉంటుంది. టైర్ పక్కన రాసిన అంకె దాని గరిష్ఠ పరిమితి, అది నింపకూడదు. ఈ రెంటినీ కలిపేసుకోవడం మామూలు పొరపాటు. నాలుగింటితో పాటు స్టెప్నీకి కూడా పట్టించండి.

అదే సమయంలో టైర్ అరుగుదల చూడండి. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే తక్కువ, ఒకే అంచు అరిగితే అలైన్‌మెంట్ (చక్రాలు తిన్నగా ఉండే కోణం) పోయినట్టు. గాడుల మధ్య అడ్డంగా చిన్న దిమ్మలు ఉంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైర్ వాటికి సమానంగా అరిగితే దాని పనైపోయింది. పక్కన ఉబ్బు కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. టైర్ పక్కన డీఓటీ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర ఉండే నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 3522 అంటే 2022లో 35వ వారం. ఎన్నడూ వాడని స్టెప్నీ కూడా వయసుతో గట్టిపడిపోతుంది, పదేళ్లు దాటినదాన్ని నమ్మొద్దు.

ఇక బానెట్ కింద. చదునైన చోట ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి తుడిచి, మళ్లీ ముంచి తీయండి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉంటే చాలు, పై గుర్తు దాటించడమూ మంచిది కాదు. పాలు కలిసినట్టు తెల్లగా కనిపిస్తే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) లోపలికి చేరుతుండొచ్చు, వెంటనే మెకానిక్‌కి చూపించండి. బ్రేక్ ఫ్లూయిడ్ తగ్గితే పోసేసి ఊరుకోవద్దు. ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి. బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్ల పొడి పడితే ముందు మైనస్ వైర్ తీసి శుభ్రం చేయండి, పెట్టేటప్పుడు అది చివర పెట్టండి. వైపర్ గీతలు పెడుతుంటే రబ్బరు మార్చేయడమే.

కూలెంట్ మట్టం పక్కనున్న పారదర్శక డబ్బాలో బయటి నుంచే కనిపిస్తుంది. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయనేకూడదు. లోపల ఒత్తిడి వల్ల 100 డిగ్రీలు దాటినా నీరు మరగకుండా ఉంటుంది. మూత తిప్పగానే ఆ ఒత్తిడి పోయి, ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఉష్ణోగ్రత ముల్లు ఎరుపులోకి పోతే కారు ఆపి, ఇంజిన్ ఆపి, చల్లారేదాకా ఆగండి. డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే మాత్రం ఇంటిదాకా పోదాం అనుకోవద్దు, రోడ్డు పక్కకి తీసి ఇంజిన్ వెంటనే ఆపేయండి. ఆయిల్ ఒత్తిడి లేకుండా కొద్ది నిమిషాలు తిరిగినా ఇంజిన్ పట్టేసే ప్రమాదం ఉంది.