పోషణ కోసం ఆర్డీవోకు అర్జీ పెట్టుకునే విధానం

కన్నబిడ్డలు చూడని పక్షంలో తల్లిదండ్రులు, 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. సంతానం లేనివారైతే, 60 ఏళ్లు నిండిన తరువాత, తమ ఆస్తిని అనుభవిస్తున్న లేదా వారసత్వంగా పొందబోయే బంధువుపై అర్జీ పెట్టవచ్చు. మంచం పట్టినవారి తరఫున, వారు అధికారమిచ్చిన వ్యక్తి గానీ స్వచ్ఛంద సంస్థ గానీ ఆ పని చేయవచ్చు.

అర్జీలో కొడుకుల మీద ఆవేదన పేజీలకొద్దీ రాయడం కంటే, బీపీ మాత్రలకు, ఇంటి అద్దెకు, తిండికి నెలకు ఎంతవుతుందో లెక్క రాసి, మందుల చీటీలు, ఆధార్ నకలు జతచేయడమే ఎక్కువ ఉపయోగకరం. ఇచ్చిన ప్రతికి రసీదు తప్పక అడిగి తీసుకోవాలి. ఎదుటి పక్షానికి నోటీసు అందిన నాటి నుంచి 90 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. ప్రత్యేక పరిస్థితుల్లో మరో 30 రోజులు పొడిగించవచ్చు.

ఇల్లో పొలమో పిల్లలకు గిఫ్ట్ డీడ్ రాసేవారు మాత్రం ఒక్క వాక్యం దగ్గర ఆగి ఆలోచించాలి. కనీస అవసరాలు చూసుకోవాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినప్పుడు రద్దు చేయించుకునే వీలు ఇదే చట్టంలోని 23వ సెక్షన్ కల్పిస్తోంది గనుక, దస్తావేజు రాయించేటప్పుడే, పిల్లలు చిన్నబుచ్చుకున్నా సరే, ఆ షరతును స్పష్టంగా రాయించుకోవాలి.

దారి తెలియనివారు వృద్ధుల సహాయవాణి అయిన 14567 ఎల్డర్‌లైన్‌కు, ఉచిత న్యాయ సహాయం కోసం 15100కు ఫోన్ చేయవచ్చు.