చెట్ల మీద బతికే టరాంటులాకి తేమ కన్నా ముందు గాలి కావాలి

నా మొదటి పింక్ టో టరాంటులా (చెట్ల మీద బతికే పెద్ద సాలీడు) ఐదు నెలలు కూడా బతకలేదు. తిండికి లోటు లేదు, నీళ్లకి లోటు లేదు. వానలు పడే అడవి నుంచి వచ్చిన జాతి కదా, తేమ బాగా ఉండాలని ఎక్కడ చూసినా రాసి ఉంటే నమ్మేసి, రోజూ పొద్దున్నే లోపలంతా స్ప్రే కొట్టి మూత బిగించేదాన్ని. ఒకరోజు చూస్తే కాళ్లన్నీ ఒంటి కిందికి ముడుచుకుని అడుగున పడి ఉంది. ఆ డబ్బాలో గాలి కదలడానికి దారే లేదన్న సంగతి నాకు తర్వాత గానీ తట్టలేదు. అందుకే కొత్తగా పెంచేవాళ్లు ఎవరు అడిగినా నేను మొదట గాలి గురించే చెప్తాను.

చెట్టు పైన వాన పడుతుంది, నిజమే. కానీ కాసేపటికే గాలి వీచి బెరడు ఆరిపోతుంది. టరాంటులా పొట్ట అడుగున రెండు జతల ఊపిరితిత్తులు ఉంటాయి, పుస్తకం పేజీల్లా పొరలు పొరలుగా. మనలాగా ఛాతీ ఎగరేసి గాలి లాక్కోవడం దానికి ఉండదు, చుట్టూ ఉన్న గాలే మెల్లగా ఆ పొరల్లోకి చేరాలి. మూసేసిన తడి డబ్బాలో గాలి కదలదు, బూజు పడుతుంది, మైట్లు అనే చిన్న చిన్న పురుగులు చేరతాయి. ముఖ్యంగా అవిక్యులేరియా (పింక్ టో టరాంటులాల జాతి) పిల్లలు దీన్ని అసలు తట్టుకోలేవు.

కాబట్టి డబ్బా వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువ ఉన్నది తీసుకోండి. పెద్ద సాలీడుకి 20 × 20 సెంటీమీటర్ల అడుగు, 30 ఎత్తు ఉంటే హాయిగా సరిపోతుంది. గాలి రంధ్రాలు ఎదురెదురు గోడలకి ఉండాలి, ఒకవైపు కిందా రెండోవైపు పైనా ఉంటే ఇంకా మంచిది, గాలి అడ్డంగా దూసుకెళ్తుంది. మూతకి మాత్రమే రంధ్రాలుంటే చాలదు. మూతకి ఇనుప జాలీ ఉంటే తీసేయండి, కాలి గోళ్లు అందులో ఇరుక్కుని కాళ్లు తెగిన సాలీళ్లు ఉన్నాయి. చిన్న పిల్లలైతే రంధ్రం వాటి తలభాగం కన్నా చిన్నదిగా ఉండాలి, తలభాగం పట్టిందంటే మిగతా ఒళ్లు కూడా జారిపోతుంది.

లోపల ఒక కార్క్ బెరడు ముక్కని గోడకి ఆనించి నిలువుగా పెట్టండి. పైభాగంలో నాలుగు ప్లాస్టిక్ ఆకులు అమర్చితే వాటిని పట్టుకుని గొట్టంలా గూడు అల్లుకుంటుంది. అందుకే నాకు ముందువైపు తలుపున్న డబ్బాలే ఇష్టం. పైన మూత ఉంటే తెరిచిన ప్రతిసారీ అది కష్టపడి కట్టుకున్న గూడు చిరిగిపోతుంది, చూడ్డానికే బాధేస్తుంది. అడుగున ఐదారు సెంటీమీటర్ల కొబ్బరి పొట్టు, ఒక నీళ్ల గిన్నె చాలు.

తడి విషయానికొస్తే, పొట్టులో ఒక మూల మాత్రం తడపండి, అది ఆరాక మళ్లీ పోయండి. గూటి పక్కన అప్పుడప్పుడు నాలుగు చుక్కలు చల్లితే వచ్చి తాగుతుంది, సాలీడు మీద మాత్రం కొట్టొద్దు. తేమ కొలిచే మీటర్‌లో అంకె చూసి టెన్షన్ పడక్కర్లేదు. 22 నుంచి 28 డిగ్రీల మధ్య ఉన్న గది చాలు, హీట్ ల్యాంపులు సాలీడుని ఎండబెట్టేస్తాయి. ఆ గదిలో దోమల మందు, పురుగుల స్ప్రే అస్సలు వాడొద్దు. పురుగుల్ని చంపేది సాలీడునీ చంపుతుంది.

తిండికి పెంచిన కీచురాళ్లు, బొద్దింకలు వేయండి, బయట పట్టినవి వద్దు, వాటికి మందు తగిలి ఉండొచ్చు. పురుగు సైజు సాలీడు పొట్టని మించకూడదు. పిల్లలకి వారానికి రెండుసార్లు, పెద్దవాటికి పది రోజులకోసారి. నేను క్యాలెండర్ కన్నా పొట్టనే చూస్తాను, తలభాగం కన్నా కాస్త పెద్దగా గుండ్రంగా ఉంటే బాగున్నట్టే. మరీ ఉబ్బితే కిందపడినప్పుడు పగిలే ప్రమాదం ఉంది. తినని పురుగుని మర్నాటికల్లా తీసేయండి.

తిండి మానేసి, రంగు వెలిసిపోయి, గూటిలోంచి బయటికి రావట్లేదంటే కుబుసం విడవబోతోందని అర్థం. వెల్లకిలా పడుకుని కాళ్లు పైకి చాపి ఉంటుంది, చూసి చచ్చిపోయిందనుకుని కదిపారంటే నిజంగానే చంపినట్టు అవుతుంది. గంటలు పట్టినా వదిలేయండి. కొత్త కోరలు ముందు తెల్లగా, తర్వాత ఎర్రగా, చివరికి నల్లగా మారతాయి. నల్లబడేదాకా నీళ్లే, తిండి వద్దు. మెత్తటి కోరలతో అది కీచురాయిని చంపలేదు సరికదా, కీచురాయే దాన్ని కొరికేస్తుంది.

చేతిలోకి తీసుకోవాలన్న సరదా వదులుకోండి. సాలీడుకి దానివల్ల ఏ సుఖమూ లేదు, పైగా ఇవి గెంతుతాయి, మెరుపులా పరిగెడతాయి. అవిక్యులేరియా వెంట్రుకలు ఒంటికి తగిలితే దురద. భారత్, శ్రీలంక అడవుల్లోని పీసిలోథీరియా అనే టరాంటులాలకి ఆ వెంట్రుకలు లేవు గానీ విషం గట్టిది, కరిస్తే కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధ పడతారు, మొదటి సాలీడుగా అది వద్దు. ఆ జాతులన్నీ 2019 నుంచి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, కొనేముందు పెంపకంలో పుట్టినదేనా, కాగితాలున్నాయా అని గట్టిగా అడగండి. డబ్బా తెరిచేటప్పుడల్లా పొడవాటి పట్టకారు, ఒక ఖాళీ కప్పు దగ్గర పెట్టుకోండి.

చివరగా, నేను అప్పట్లో గుర్తు పట్టలేకపోయినది. వెల్లకిలా కాకుండా మామూలుగా కూర్చుని కాళ్లన్నీ ఒంటి కిందికి ముడుచుకుంటే అది ప్రమాదం. కాలి ముఖ్యమైన కీళ్లని చాపడానికి దానికి కండరాలు లేవు, ఒంట్లోని ద్రవాన్ని నెట్టి చాపుతుంది. ద్రవం తగ్గితే కాళ్లు ముడుచుకుంటాయి. అప్పుడు తడి డబ్బాలో పెట్టి మూసేయకండి. పల్చగా నీళ్లున్న మూత అంచున నోరు మాత్రం తగిలేలా ఆనించండి, పొట్ట మునగకూడదు, ఊపిరితిత్తులు ఉన్నది అక్కడే. తాగడం మొదలుపెట్టిందంటే గంటలోనో రెండు గంటల్లోనో ఒక్కో కాలూ మెల్లగా విచ్చుకోవచ్చు.