ఓడలో డ్యామేజ్ కంట్రోల్ నెట్‌వర్క్ మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

డ్యామేజ్ కంట్రోల్ నెట్‌వర్క్ అంటే పొగ, నీళ్లు కనిపెట్టే సెన్సర్లను కన్సోల్‌కు (అలారాలు చూపే తెరకు) కలిపే ఏర్పాటు. దాని మీద చేయి వేసే ముందు బ్రిడ్జికి (ఓడను నడిపే గదికి) చెప్పండి. మీరు కేబుల్ ఊడదీసిన క్షణం నుంచి ఆ కంపార్ట్‌మెంట్‌లో పొగ వచ్చినా, నీళ్లు చేరినా కన్సోల్‌కు తెలియదు. పని అయ్యేదాకా అక్కడ ఒక మనిషిని కాపలా ఉంచండి.

సమస్య: ఒకే లైన్ మీదున్న సెన్సర్లన్నీ వచ్చిపోతున్నాయి

ఒక్క సెన్సరే పోతే తప్పు దానిదో, దాని వైరుదో. అన్నీ కలిసి తడబడుతుంటే లైన్‌నే అనుమానించాలి. ఆర్ఎస్-485 లైన్‌కు (ఏ, బీ అనే రెండు వైర్ల మీద చాలా సెన్సర్లను కలిపే పద్ధతి) రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. పవర్ ఆపి ఏ, బీ వైర్ల మధ్య మల్టీమీటర్ పెడితే సుమారు 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివర రెసిస్టర్ లేదు, లేదా మధ్యలో వైరు తెగింది. 40 వస్తే మూడో రెసిస్టర్ ఎక్కడో కలిసింది. కొత్తగా బిగించిన పరికరంలో రెసిస్టర్‌ను లైన్‌కు కలిపే చిన్న స్విచ్ ఆన్‌లో ఉండిపోయిందేమో చూడండి.

రీడింగ్ బాగానే ఉన్నా తడబాటు ఆగకపోతే జంక్షన్ బాక్స్ తెరవండి. టెర్మినళ్ల మీద పచ్చటి పొడి ఉంటే ఉప్పు తేమ లోపలికి దిగినట్టే. వైరు కొసలు కత్తిరించి మళ్లీ బిగించండి. మూత రబ్బరు, కేబుల్ గ్లాండ్ (కేబుల్ పెట్టెలోకి దిగేచోట బిగించే సీలు) కూడా మార్చండి. లేకపోతే కొన్నాళ్లకు మళ్లీ ఇదే పని.

సమస్య: తెర మీద అంతా పచ్చగా ఉంది, అంకెలు మాత్రం కదలడం లేదు

అన్నింట్లోకీ ప్రమాదం ఇదే. అలారం మోగదు కాబట్టి ఎవరికీ టెన్షన్ ఉండదు. గేట్‌వే (సెన్సర్ల రీడింగులు తీసుకుని కన్సోల్‌కు పంపే పరికరం) సెన్సర్లను అడగడం మానేసి, చివరిసారి అందిన విలువనే పంపుతూ ఉండొచ్చు. బిల్జ్‌లోని (ఓడ అడుగున నీళ్లు చేరే చోటు) ఫ్లోట్‌ను, అంటే నీళ్లతో పాటు లేచే తేలును, చేత్తో ఎత్తి చూడండి. కన్సోల్ పలకకపోతే, ఫ్లోట్ స్విచ్ బాగుందని తేల్చుకుని గేట్‌వేను రీస్టార్ట్ చేయండి. అక్కడితో ఆగొద్దు. గడువులోగా జవాబివ్వని సెన్సర్‌ను తెర మీద ఫాల్ట్‌గా చూపేలా సెట్టింగ్ మార్పించండి.

సమస్య: నెట్‌వర్క్ మొత్తం ఒక్కసారిగా స్తంభించింది

నెట్‌వర్క్ స్విచ్‌ల (కేబుళ్లను కలిపే పెట్టెల) లైట్లన్నీ ఆగకుండా గబగబా కొట్టుకుంటుంటే లూప్ పడింది, అంటే డేటా ఆగకుండా చుట్టూ తిరుగుతోంది. చివరగా పెట్టిన కేబుల్ తీసేయండి. రింగ్ ప్రోటోకాల్ (చుట్టులా కలిపిన కేబుళ్లలో లూప్ పడకుండా చూసే సెట్టింగ్) అన్ని స్విచ్‌లలో ఆన్‌లో ఉందో లేదో చూసి, వాడని పోర్టులు డిజేబుల్ చేయండి.

సమస్య: రింగ్ ఉంది, అయినా ఒక్క దెబ్బకు సగం ఓడ కనపడటం లేదు

రింగ్‌లో ఒకచోట తెగితే డేటా అవతలి వైపు నుంచి చుట్టి రావాలి. రాలేదంటే రెండో వైపు ఎప్పుడో తెగింది, ఎవరూ గమనించలేదు. లేదా రెండు కేబుళ్లూ ఒకే ట్రేలో పోతున్నాయి. మొదటిదైతే తెగినచోట బాగుచేసి, రింగ్ ఫాల్ట్‌ను కన్సోల్ అలారానికి కలపండి. రెండోదైతే ఒక కేబుల్‌ను ఓడ ఎడమ వైపు నుంచి, మరొకదాన్ని కుడి వైపు నుంచి వేయాల్సిందే. అప్పుడు బల్క్‌హెడ్‌కు (కంపార్ట్‌మెంట్ల మధ్య గోడకు) కొట్టిన ప్రతి రంధ్రాన్నీ అదే రోజు సీల్ చేయించండి.