ఫ్రిజ్ పై అంతస్తుకు ఎక్కిస్తున్నారా? జారితే పట్టుకోకండి

ఈ మధ్య తెలిసినవాళ్ల ఇంట్లో డబుల్ డోర్ ఫ్రిజ్‌ను రెండో అంతస్తుకు ఎక్కిస్తుంటే, ల్యాండింగ్ దగ్గర పైన పట్టుకున్నతని చెయ్యి జారింది. కింద ఉన్న కుర్రాడు పక్కకు తప్పుకోలేదు. ఛాతీ అడ్డం పెట్టి ఆపబోయాడు. ఫ్రిజ్‌తో పాటే మెట్ల మీంచి వెనక్కి పడ్డాడు. కాలి ఎముక రెండు చోట్ల విరిగింది. ఫ్రిజ్‌కు ఒక సొట్ట పడింది.

నడుం వంచకుండా మోకాళ్లు వంచి ఎత్తాలి లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి వెళ్లను. నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఒక్కటే. జారుతున్న బరువును ఆపబోకండి. వదిలేసి పక్కకు తప్పుకోండి. ఇలాంటి పనుల్లో దెబ్బలు తిని మంచాన పడ్డవాళ్లను చూశాను. వాళ్లు చేసిన తప్పు ఇదే.

నలుగురం కలిసి మోస్తున్నాం కదా, జారితే ఆ మాత్రం ఆపలేమా అనిపిస్తుంది. ఆపలేరు. చేతుల్లో నిలకడగా ఉన్న బరువు వేరు, కిందికి దూకుతున్న బరువు వేరు. 100 కిలోల ఫ్రిజ్ ఒక్క మెట్టు ఎత్తు నుంచి, అంటే 18 సెంటీమీటర్లు, కింద పడిందనుకోండి. దాన్ని ఐదు సెంటీమీటర్లలో ఆపాలంటే సుమారు 450 కిలోలను మోసేంత బలం కావాలి. రెండు మెట్లయితే ఇంకా ఎక్కువ. అంత బలం, అదీ రెప్పపాటులో, ఎవరి చేతుల్లోంచి వస్తుంది?

అయినా పట్టుకోబోతాం. ఆ క్షణంలో ఆలోచన ఉండదు, ఖరీదైన వస్తువు పోతోందనే టెన్షన్ తప్ప. అందుకే ఈ నిర్ణయం నేల మీద ఉండగానే జరిగిపోవాలి. ఎత్తకముందే అందరికీ వినపడేలా అనుకోండి: "జారితే వదిలేద్దాం." ఆ మాట ఇంటి యజమాని నోటి నుంచే రావాలి. మోసేవాళ్లు పనివాళ్లైనా, తమ్ముళ్లైనా, స్నేహితులైనా, చివరిదాకా పట్టు వదలనిది వస్తువు పాడైతే మీరేమంటారో అన్న భయంతోనే. ఆ భయం మీరే తీసేయాలి. "పోతే పోనీ, ఎవరూ అడ్డం పడొద్దు" అని స్పష్టంగా చెప్పండి. ల్యాండింగ్ దగ్గర ఆగినప్పుడు మళ్లీ చెప్పండి.

వదిలేయాలంటే తప్పుకునే చోటుండాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. వస్తువు మెట్ల వెడల్పంతా ఆక్రమిస్తే కింద ఉన్నవాళ్లకు పోయే దారి లేదు. అలాంటి మెట్ల మీద చేతులతో ఎక్కించకండి. మెట్లెక్కే ట్రాలీ ఉన్నవాళ్లను, ఇదే పనిగా చేసేవాళ్లను పిలవండి. చోటున్నప్పుడు కూడా కిందివాళ్లు వస్తువుకు సరిగ్గా ఎదురుగా ఉండకూడదు. మూలలకు, కొంచెం పక్కగా ఉండాలి. గోడకూ వస్తువుకూ మధ్య మాత్రం ఎవరూ ఉండకూడదు.

ఇక ఎత్తే ముందు చేసే పనులు. టేపుతో మెట్ల వెడల్పు, మలుపు, తలుపు అన్నీ కొలవండి. వస్తువు వెడల్పుకు చేతుల వెడల్పు కూడా కలపండి. ఫ్రిజ్‌లో అరలు, ట్రేలు తీసేసి తలుపులు కదలకుండా కట్టండి. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ల బరువు చాలావరకు 60 నుంచి 80 కిలోలు ఉంటుంది. అందులో కొంత లోపల బిగించిన కాంక్రీటు దిమ్మలదే. ఆ బరువు అన్ని వైపులా సమానంగా ఉండదు కాబట్టి ముందు నేల మీదే కాస్త వంచి చూసి ఏ వైపు ఎక్కువో తెలుసుకోండి. ట్రాన్సిట్ బోల్టులు, అంటే మోసేటప్పుడు డ్రమ్ కదలకుండా మెషీన్ వెనక బిగించే బోల్టులు, బిగించకపోతే డ్రమ్ లోపల ఊగి, మెట్టు మధ్యలో బరువు ఒక్కసారిగా పక్కకు మళ్లుతుంది. పైపులోనూ కింది ఫిల్టర్‌లోనూ మిగిలిన నీళ్లు ముందే వంపేయండి. అవి మెట్ల మీద కారితే చాలు, కాలు జారడానికి.

ఫ్రిజ్‌లో బరువైన కంప్రెసర్ కింద, వెనకవైపు ఉంటుంది. కాబట్టి అడుగు భాగం కిందివైపే ఉండాలి. మెట్ల మీద కిందివాళ్ల మీదే ఎక్కువ భారం పడుతుందని కూడా గుర్తుంచుకోండి. బలమైనవాళ్లు కింద. అదే బలమైనవాళ్లు "నేను ఆపగలను" అనుకునేది కూడా, వాళ్లకు ఇంకోసారి చెప్పండి.

తర్వాత ఇవి:

మెట్లు మొత్తం ఖాళీ చేయండి. పిల్లలు పై గదిలోనో బయటో, తలుపు మూసి.

చెప్పులతో ఎక్కకండి. సాక్సులతో అసలొద్దు. జారని బూట్లు వేసుకోండి.

ఒక్కరే ఆజ్ఞ ఇవ్వాలి. మిగతావాళ్లు "ఆగు" అన్న ఒక్క మాట తప్ప ఏమీ అనొద్దు. ఆ మాట ఎవరు అన్నా అందరూ ఆగాల్సిందే.

తాడును చేతికి చుట్టుకోకండి. నడుముకు కట్టుకోకండి. వస్తువు పోతే మిమ్మల్నీ లాక్కుపోతుంది.

తాడు రైలింగ్‌కు కట్టకండి.

పిట్టగోడ మీంచి, బాల్కనీలోంచి పైకి లాగకండి. పక్కకు లాగే బలానికి ఆ గోడలు కట్టరు. దగ్గర్లో కరెంటు తీగలుంటే ఆ ఆలోచనే మానేయండి.

హ్యాండిల్ పట్టుకుని ఎత్తకండి.

అలసిపోయాక "ఇంకో నాలుగు మెట్లే" అనకండి. ల్యాండింగ్‌లో దించి ఊపిరి తీసుకోండి.

జారిందా, వదిలేయండి. కాలు అడ్డం పెట్టకండి. మోకాలు అడ్డం పెట్టకండి. వీపు అస్సలు పెట్టకండి.

ఎవరైనా కింద ఇరుక్కుంటే వాళ్లను లాగకండి, బరువును ఎత్తండి. నడుము నొప్పన్నా, కాళ్లు తిమ్మిరన్నా కదిలించకుండా అంబులెన్స్‌కు ఫోన్ చేయండి.

పైకి చేరాక ఫ్రిజ్ వెనక గొట్టం వంగిందా, "స్స్" అన్న శబ్దం వస్తోందా చూడండి. చాలా కొత్త ఫ్రిజ్‌లలో ఉండేది మండే గ్యాస్. అనుమానముంటే కిటికీలు తెరవండి, ప్లగ్ పెట్టకండి, స్విచ్‌లు ముట్టుకోకండి.

దారిలో ఫ్రిజ్ పడుకోబెట్టాల్సి వస్తే నిలబెట్టాక కొన్ని గంటలు, వీలైతే ఒక రోజు, ఆన్ చేయకండి. కంప్రెసర్ ఆయిల్ వెనక్కి దిగాలి.

ట్రాన్సిట్ బోల్టులు తీయకుండా వాషింగ్ మెషీన్ ఆన్ చేయకండి.