దాన్‌త్సోంగ్ టీ చేదెక్కుతోందా? ముందు గడియారం చూడండి

చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రానికి తూర్పు వైపు చావోజౌ అనే ఊరుంది. దాని దగ్గరి ఫెంగ్‌హువాంగ్ కొండల్లో పండే ఊలాంగ్ టీ (గ్రీన్ టీకీ, బ్లాక్ టీకీ మధ్య రకం) పేరు దాన్‌త్సోంగ్. ‘ఒంటి చెట్టు’ అని అర్థం. మంచి వాసనున్న చెట్టు కనబడితే దాని ఆకును వేరేగా కోసి, వేరేగా తయారుచేసేవారు. రకాల పేర్లు కూడా వాసనను బట్టే: తేనె కలిసిన ఆర్కిడ్, గార్డెనియా, పంపరపనస పువ్వు, బాదం. అసలు సరుకులో పువ్వులేవీ కలపరు. ఆ వాసనంతా ఆకులోదే.

వాసన ఎంత ఘనమో, కోపం కూడా అంతే. కాస్త ఏమరుపాటుగా ఉంటే నోరు వగరెక్కిపోతుంది.

నోట్లో పెట్టుకోలేనంత చేదు

ఎక్కువమంది ఇక్కడే ఆగిపోయి ప్యాకెట్‌ను అటక ఎక్కిస్తారు. మనకు టీ అంటే మరగాలి, రంగు దిగాలి. పాలు పోస్తాం కాబట్టి ఆ వగరు పాలల్లో కలిసిపోతుంది. ఇక్కడ పాలు లేవు. మొదటిసారి నేనూ పెద్ద మగ్గులో రెండు చెంచాల ఆకు వేసి, నాలుగు నిమిషాలు మూతపెట్టాను. వేపాకు కషాయం తయారైంది.

చేయాల్సింది ఇది. 100 మిల్లీలీటర్లు పట్టే మూత కప్పు తీసుకోండి. 6 గ్రాముల ఆకు వేయండి. తెర్లిన నీళ్లు పోసి మూతపెట్టి, ఐదు లెక్కపెట్టి తాగే కప్పులోకి వంచేయండి. చుక్క కూడా మిగలకుండా వంచాలి, ఎందుకంటే అడుగున మిగిలిన నీళ్లు మీరు తాగుతున్నంతసేపూ ఆకు నుంచి చేదు లాగుతూనే ఉంటాయి. రెండోసారి, మూడోసారి కూడా అంతే టైము. నాలుగోసారి నుంచి కొద్ది సెకన్లు పెంచుకుంటూ పోండి. అదే ఆకుతో ఎనిమిదిసార్లు హాయిగా తాగొచ్చు. ఇంకా చేదుగా ఉంటే ఆకు తగ్గించండి, నీళ్లు మాత్రం చల్లార్చకండి. వేడి తగ్గితే వాసన కూడా పోతుంది.

మూత కప్పు లేకపోతే స్టీలు గ్లాసు, వడకట్టు చాలు.

ప్యాకెట్ అడుక్కి వచ్చాక చేదు పెరిగిందంటే అది విరిగిన ఆకు పని, నలిగిన ఆకు సారాన్ని త్వరగా వదిలేస్తుంది. చావోజౌ వాళ్లు చిన్న మట్టి కూజాలో ఆకు వేసేటప్పుడు పెద్ద ఆకులు అడుగునా, ముక్కు దగ్గరా, పొడి మధ్యలో, మళ్లీ పెద్ద ఆకులు పైన పేరుస్తారు. పొడి ముక్కుకు అడ్డం పడదు, కప్పులోకీ రాదు.

ప్యాకెట్ ఘుమఘుమ, కప్పులో చప్పిడి

ఖాళీ కప్పును వేడినీళ్లతో తొలిచి, ఆ వేడి మీదే పొడి ఆకు వేసి మూతపెట్టి ఒకసారి ఊపండి. మూత తీసి వాసన చూడండి. గుప్పున వస్తే ఆకు మంచిదే, లోపం నీళ్లలో ఉంది. హైదరాబాద్ బోరు నీళ్లతో కెటిల్ అడుగున తెల్లటి పొర కడుతుంది కదా, అలాంటి గట్టి నీళ్లలో ఈ టీ మొద్దుబారి, పైన తెట్టు కూడా కడుతుంది. ఆర్‌ఓ నీళ్లు వాడి చూడండి. మరీ పల్చగా అనిపిస్తే కాస్త మామూలు నీళ్లు కలపండి.

వేడి కప్పులో కూడా వాసన రాలేదంటే ఆకు పాతబడింది. పోపుల డబ్బా పక్కన పెట్టారేమో కూడా చూసుకోండి. ఇంగువ పట్టిన టీని ఎవరూ బాగుచేయలేరు.

మాడు వాసన

మధ్యాహ్నం కోసిన ఆకును ఎండలో వాడబెట్టి, రాత్రంతా వెదురు చేటల్లో మధ్యమధ్య కదుపుతారు. అంచులు నలిగి ఎర్రబారుతాయి. పూల వాసన పుట్టేది ఆ రాత్రిలోనే. తర్వాత బాణలిలో వేడిచేసి, నలిపి, ఆరబెట్టి, చివర్లో బొగ్గుల సెగ మీద కాలుస్తారు. ఆ సెగ తాజాగా ఉంటే మాడు వాసన వస్తుంది. గాలి చొరబడకుండా కొన్ని వారాలు పక్కన పెడితే సర్దుకుంటుంది. వేడినీళ్లలో నానినా ఆకు విప్పుకోకుండా నల్లగా, బిరుసుగా ఉండిపోతే మాత్రం అది నిజంగానే మాడిన సరుకు. పారేయండి.

పచ్చి గడ్డి వాసన

సెగ తక్కువ చూపించిన రకం ఇది. తాజాదైతే సీల్ చేసి ఫ్రిజ్‌లో పెట్టండి. పాతబడితే పొడి బాణలిలో సన్నని మంట మీద రెండు నిమిషాలు వెచ్చబెడితే కొంత తేరుకుంటుంది.

పేరేమిటి, ‘బాతు రెట్ట వాసన’ అని ఉంది?

కంగారు పడకండి, మోసమేమీ కాదు. యా షి షియాంగ్ అంటే అదే. ఎవరూ ఎత్తుకుపోకూడదని పెంచినాయనే ఆ పేరు పెట్టాడని అక్కడ చెప్పుకుంటారు. 2014లో దానికి ‘వెండి పువ్వు వాసన’ అనే మర్యాదైన పేరు పెట్టారు, అయినా జనం నోట్లో పాత పేరే ఆడుతోంది. నిజానికి పూల వాసన బాగా వచ్చే రకాల్లో ఇదొకటి.

మొదటిసారి సెంటులా గుప్పుమని, మూడోసారికి మాయం

ఎసెన్స్ కలిపారని నా అనుమానం. మంచి ఆకు వాసన ఒక్కో విడతకు మారుతూ పోతుంది, తాగేసిన ఖాళీ కప్పు చల్లారాక కూడా అడుగున కాస్త మిగులుతుంది. ఎసెన్స్ సరుకును బాగుచేసే మార్గం లేదు. కొట్టు మార్చండి.

మొదటి కప్పు నీళ్లు, చివరి కప్పు విషం

ఒక కప్పు నింపాక ఇంకో కప్పు నింపితే ఇలాగే అవుతుంది. చావోజౌ గోంగ్‌ఫు టీలో, అంటే చిన్న కూజా, చిన్న కప్పులతో టీ పోసే అక్కడి పద్ధతిలో (చైనా టీ సంప్రదాయాలతో కలిపి 2022లో యునెస్కో జాబితాకెక్కినది ఇదే) మూడు చిన్న కప్పులను అంచులు తగిలేలా పెడతారు. కూజాను కిందికి వంచి, ఆపకుండా మూడింటి మీదా గుండ్రంగా తిప్పుతూ పోస్తారు. దీన్ని ‘గ్వాన్ గోంగ్ నగరం చుట్టూ గస్తీ’ అంటారు. చివరి చిక్కటి బొట్లను ఒక్కో కప్పులో ఒక్కోటి చొప్పున రాల్చడం ‘హాన్ షిన్ సైనికుల లెక్క’. ఇద్దరూ పాతకాలపు సేనాపతులే. చెయ్యి తిరిగేవరకు బల్ల మీద ఓ తువ్వాలు పరుచుకోండి, గస్తీ తిరిగేటప్పుడు సగం బయటే పడుతుంది.