కొత్త ప్రత్యర్థి ముందు మన ఆట ఎందుకు సాగదు: సబ్మిషన్ రెజ్లింగ్‌లో సమస్యలు, పరిష్కారాలు

తిరుపతిలో నో-గీ గ్రాప్లింగ్, అంటే జూడో తరహా కోటు (గీ) లేకుండా పట్టులతో ప్రత్యర్థిని లొంగదీసే సబ్మిషన్ రెజ్లింగ్, చేసేవాళ్లు తక్కువే. సాయంత్రం మ్యాట్ మీదికి వచ్చేవి దాదాపు రోజూ అవే మొహాలు. ఎవరు ఎటు తిరుగుతారో, ఎవరికి ఏ పట్టు ఇష్టమో అందరికీ కంఠతా వచ్చేసి ఉంటుంది. ఆ అలవాటుతోనే చెన్నైకో బెంగళూరుకో పోటీకి వెళ్తాం, ముక్కూమొహం తెలియని మనిషి చేతికి చిక్కి తెల్లమొహం వేస్తాం. తిరిగొచ్చాక అందరూ అడిగేది, ఆ పట్టు ఎట్లా విడిపించుకోవాలని. నన్నడిగితే, పట్టు పడ్డాక ఆలోచిస్తే ఆలస్యమైనట్టే. తప్పు దానికి రెండు మూడు కదలికల ముందే జరిగి ఉంటుంది. వెతకాల్సింది అక్కడ.

సమస్య: కాళ్లకు దూకిన ప్రతిసారీ మెడ గిలటిన్‌లో (చేతితో మెడ చుట్టి బిగించే పట్టు) ఇరుక్కుంటోంది

మెడలో బలం లేదనుకుని మెడ వ్యాయామాలు మొదలుపెట్టేవాళ్లు ఉన్నారు. చేస్తే మంచిదే కానీ, కారణం మాత్రం చాలాసార్లు అది కాదు. బాగా దూరం నుంచి దూకడం ఒకటి, దూకేటప్పుడు నేలను చూడడం రెండోది. చూపు కిందికి పోతే వీపు వంగుతుంది, తల తనంతట తనే ఎదుటివాడి చంక కిందికి వెళ్లిపోతుంది.

దూకే ముందు చేతులతో పని కల్పించండి. మణికట్టు లాగండి, మెడ మీద చేయి వేసి నొక్కండి. అతను తల పైకెత్తినప్పుడో అడుగు మార్చినప్పుడో లోపలికి వెళ్లండి. చూపు పైకి, వీపు నిటారుగా, తల అతని పక్కటెముకలకు గట్టిగా ఆనాలి. అప్పటికీ పట్టుబడితే మెడ చుట్టిన చేతిని రెండు చేతులతో కిందికి లాగి, గడ్డం దించండి. నేల మీదికి వెళ్లాక మీ తల అతనికి ఏ పక్కన ఉందో దానికి ఎదురు పక్కకు ఒళ్లు తిప్పుకుంటూ వెళ్లాలి. తల ఉన్న పక్కకే వెళ్తే ఉచ్చు మీరే బిగించుకున్నట్టు.

సమస్య: పొడుగు మనిషి ఎదురైతే ట్రయాంగిల్ (కాళ్లతో మెడనూ ఒక చేతినీ చుట్టి బిగించే పట్టు) తప్పడం లేదు

"వాడి కాళ్లు పొడుగన్నా, నేనేం చేసేది?" అని మా దగ్గర ఒక పిల్లోడు వాపోయాడు. అదే పొజిషన్‌లో మళ్లీ కూర్చోబెట్టి, మెల్లగా ఆడించి చూశాం. గార్డ్ (కింద ఉన్నవాడు కాళ్లతో అడ్డుకునే పొజిషన్) దాటే తొందరలో వాడు ఎడమ చేతిని ప్రత్యర్థి తుంటి పక్కన నేల మీద ఆనించాడు. కుడి చేయి ఇంకా కాళ్ల మధ్యలోనే ఉంది. "ఆ చేయి నేల మీద ఎందుకు పెట్టినావు?" అంటే జవాబు లేదు. అట్లా పెట్టినట్టు వాడికే తెలియదు.

ట్రయాంగిల్‌కు కావలసింది ఒక చేయి లోపల, ఒక చేయి బయట. పొడుగు కాళ్లవాడికి ఆ సందు కాస్త దొరికినా చాలు. కాబట్టి రెండు చేతులూ లోపలైనా ఉండాలి, రెండూ బయటైనా ఉండాలి. మోచేతులు మీ పక్కటెముకలను వదలకూడదు.

సమస్య: హీల్ హుక్ (మడమను పట్టి మెలిపెట్టే పట్టు) ఎట్నుంచి వచ్చిందో తెలిసేలోపే ట్యాప్ చేయాల్సి (చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోవాల్సి) వస్తోంది

ముందు ఒక హెచ్చరిక. మడమను తిప్పితే దెబ్బ తగిలేది మోకాలి లిగమెంట్లకు. ఆర్మ్‌బార్‌లో (చేతిని చాచి మోచేతిని విరిచే పట్టు) నొప్పి ముందుగానే చెబుతుంది. ఇక్కడ నొప్పి తెలిసేసరికి లిగమెంట్ తెగి ఉండొచ్చు. అందుకే ప్రాక్టీస్‌లో మడమ పూర్తిగా చిక్కిందంటే తిప్పకముందే ట్యాప్ చేయండి. పౌరుషానికి పోవద్దు.

చాలా క్లబ్బుల్లో దీన్ని నేర్పకపోవడానికి రూల్స్ కూడా ఒక కారణం. బ్రెజిలియన్ జియు-జిట్సు అంతర్జాతీయ సమాఖ్య ఐబీజేజేఎఫ్ పోటీల్లో 2021 నుంచే దీనికి అనుమతి వచ్చింది, అదీ నో-గీలో పెద్దల బ్రౌన్, బ్లాక్ బెల్టులకే. సబ్మిషన్ రెజ్లింగ్ పోటీలు నడిపే ఏడీసీసీ ప్రొఫెషనల్ పోటీల్లో మాత్రం అనుమతి ఉంది. హీల్ హుక్ వేసే ఆటగాడు ఎదురైతే మనవాళ్లు మడమ వైపే చూస్తారు. చూడాల్సింది మోకాలిని. మోకాలు అతని తొడల మధ్య ఇరుక్కుని ఉన్నంతసేపూ ప్రమాదం పోనట్టే.

వరుస ఇది. మీ రెండు చేతులతో అతని ఒక మణికట్టును పట్టి, అతని రెండు చేతులూ కలవకుండా చూడండి. మడమను అతని చేతికి అందకుండా దాచుకోండి. తర్వాత తుంటిని కదుపుతూ మోకాలిని అతని కాళ్ల మధ్య నుంచి బయటికి లాగండి. కంగారులో ఎటుపడితే అటు దొర్లితే, తప్పు వైపు దొర్లిన క్షణమే మోకాలు పోతుంది.

సమస్య: రెండు నిమిషాలకే ముంజేతులు రాయిలా బిగుసుకుంటున్నాయి

స్టామినా కోసం అలిపిరి మెట్లు ఎక్కుతున్నామంటారు. 3,550 మెట్లు ఎక్కితే కాళ్లకూ ఊపిరికీ మంచిదే, పిడికిలికి మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు. టెన్షన్‌లో దొరికినదల్లా గట్టిగా పట్టుకోవడమే కారణం. వేళ్లతో పిసకడం మాని, చేతిని కొక్కెంలా వేసి వీపుతో లాగండి. మే నెల చెమటలో పట్టు జారిపోతున్నా మందు ఇదే. ఆర్మ్‌బార్‌లో మోకాళ్లు దగ్గరికి బిగించి, మీ తుంటిని అతని భుజానికి ఆనిస్తే చేతులతో పెద్దగా పని ఉండదు.

సమస్య: ప్రాక్టీస్‌కు రకరకాల ప్రత్యర్థులు దొరకరు

ఉన్నవాళ్లకే వేషాలు పంచండి. ఈ వారం ఒకడు కాళ్ల పట్టులే వేయాలి, ఒకడు కుస్తీవాడిలా పైనుంచి నొక్కుతూనే ఉండాలి, ఇంకొకడు గార్డ్‌లోనే ఉండాలి. రౌండ్‌ను నిలబడి మొదలుపెట్టకుండా, పోయినసారి ఓడిన పొజిషన్‌కు ఒక అడుగు ముందు నుంచి మొదలుపెట్టండి. మూడు నిమిషాలు చాలు. ఎవరైనా ఇష్టమైన పట్టుకు జారుకుంటే రౌండ్ ఆపి మళ్లీ అక్కడి నుంచే పెట్టండి. మొదట్లో అందరూ విసుక్కుంటారు.

సమస్య: పట్టు ఏదీ పడకపోయినా పాయింట్లతో ఓడిపోతున్నాం

ఇది పట్టుల లోపం కాదు, గడియారం చూడకపోవడం. ఏడీసీసీ రూల్స్‌లో మ్యాచ్ మొదటి సగంలో పాయింట్లు ఉండవు. రెండో సగంలో మీ అంతట మీరే గార్డ్‌లోకి కూర్చుంటే ఒక మైనస్ పాయింటు పడుతుంది. గార్డ్ ఆటగాళ్లు కూర్చోదలిస్తే మొదటి సగంలోనే కూర్చోవాలి. క్లబ్బులో కూడా సగం టైమ్ అయిందని ఎవరో ఒకరు గట్టిగా అరిచి చెప్పేలా చూసుకోండి.