బ్రిటన్ ప్రైవేటు స్కూళ్ల మాటలు – రెండో పాఠం: బిల్లు, హౌస్, ఎగ్జియాట్

ముందు పోయిన పాఠం ప్రశ్నలకు జవాబులు చూసేద్దాం. మాంచెస్టర్ గ్రామర్ స్కూల్లో సీటొస్తే ఫీజు ఉండదా అని అడిగాను కదా, ఉంటుంది. గ్రామర్ స్కూల్ అంటే ఇంగ్లండ్‌లో పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే ప్రభుత్వ బడి, ఫీజు లేదు అని చెప్పుకున్నాం, అది నిజమే. కానీ పేరులో గ్రామర్ అని మిగిలిపోయిన పాత బడులు కొన్ని ఇండిపెండెంట్ స్కూళ్లు, అంటే ఫీజు కట్టించుకునేవి, మాంచెస్టర్‌ది వాటిలో ఒకటి. బోర్డు మీద పేరు చూసి ఎప్పుడూ తేల్చుకోకండి. రెండో ప్రశ్న, పబ్లిక్ స్కూల్ అంటే సర్కారు బడేనా అని. ఇంగ్లండ్‌లో ఈ మాటకు సర్కారు బడి అని అర్థం కాదు, పాతకాలం నాటి పేరున్న ఖరీదైన ప్రైవేటు స్కూలు అని. 1868లో వచ్చిన పబ్లిక్ స్కూల్స్ చట్టంలో ఏడు బడులున్నాయి: ఈటన్, హారో, వించెస్టర్, రగ్బీ, వెస్ట్‌మిన్‌స్టర్, ష్రూస్‌బరీ, చార్టర్‌హౌస్. అమెరికాలో పబ్లిక్ స్కూల్ అంటే సరిగ్గా తిరగేసి ప్రభుత్వ బడి, కాబట్టి అక్కడున్న చుట్టాల సలహా తీసుకునేటప్పుడు ఏ దేశం మాట మాట్లాడుతున్నారో ముందు తేల్చుకోండి.

ఇక ఈ పాఠం. స్కూలు బ్రోచర్ చేతికొచ్చింది, తెరిచారు, రెండో పేజీలోనే ఇలా ఉంది అనుకుందాం (ఇది నేను అభ్యాసం కోసం అల్లినది, ఏ స్కూలుదీ కాదు):

“థర్టీన్ ప్లస్ ప్రవేశానికి ప్రీ-టెస్ట్ ఉంటుంది. ఫుల్ బోర్డింగ్ హౌస్‌లు ఏడు. టర్మ్‌కు రెండు ఎగ్జియాట్‌లు. విదేశీ విద్యార్థులకు గార్డియన్ తప్పనిసరి. స్కాలర్‌షిప్‌లు, బర్సరీలు ఉన్నాయి. మానేయాలంటే ఒక టర్మ్ ముందు నోటీసు ఇవ్వాలి.”

చదివితే అర్థమైనట్టే ఉంటుంది, అక్కడే వస్తుంది చిక్కు. ఇలాంటి మాటలకు డిక్షనరీ అర్థం పెద్దగా పనికిరాదు. మాట కనపడగానే రెండు ప్రశ్నలు వేసుకోవడం అలవాటు చేసుకోండి: దీనివల్ల ఎవరి జేబులోంచి ఎంత పోతుంది? ఆ రోజు రాత్రి పిల్లాణ్ణి ఎవరు చూసుకుంటారు? ఈ రెండిటికీ జవాబు చెప్పగలిగితే మాట వచ్చినట్టే.

వయసు సంగతి తొందరగా ముగిద్దాం. లెవెన్ ప్లస్ అంటే పదకొండేళ్లకు, ఇయర్ సెవెన్‌లో చేరడం. థర్టీన్ ప్లస్ అంటే పదమూడేళ్లకు, ఇయర్ నైన్‌లో. అంతకుముందు పిల్లలు చదివేది ప్రెప్ స్కూలు, ఇంకా చిన్నవాళ్లది ప్రీ-ప్రెప్. పదహారు దాటాక చివరి రెండేళ్లు సిక్స్త్ ఫామ్, అందులో మొదటిది లోయర్, రెండోది అప్పర్. అమెరికాలో మాత్రం ప్రెప్ స్కూలంటే కాలేజీకి తయారుచేసే హైస్కూలు, గందరగోళపడొద్దు. థర్టీన్ ప్లస్‌తో మెలిక ఏమిటంటే, చేరేది పదమూడేళ్లకైనా చాలా పేరున్న స్కూళ్లు ప్రీ-టెస్ట్ పెట్టేది రెండు మూడేళ్ల ముందు, ఎక్కువగా ఇయర్ సిక్స్‌లోనే. దానిమీదే సీటు దాదాపు ఖాయం చేస్తారు, తర్వాత ఇయర్ ఎయిట్‌లో రాసే కామన్ ఎంట్రన్స్ చాలాచోట్ల ఆ మాట నిలబెట్టుకోవడానికి రాసే పరీక్షే. ‘ఇంకా టైముంది కదా’ అని కూర్చున్నవాళ్లకు రిజిస్ట్రేషన్ గడువు దాటిపోయేది ఇక్కడే.

తరగతులకు ఒక్కో స్కూలు సొంత పేర్లు పెట్టుకుంటుంది, షెల్ అనీ రిమూవ్ అనీ. ఈటన్‌లో అయితే ఇయర్ నైన్‌ను ఎఫ్ బ్లాక్ అంటారు, అక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ చివరి సంవత్సరం బి బ్లాక్. టర్మ్‌ను అక్కడ హాఫ్ అంటారు, ఏడాదికి మూడు హాఫ్‌లు! నవ్వొస్తుంది గానీ ఇవన్నీ బట్టీ పట్టకండి, మీ స్కూలువి మీరు చేరాక ఒక వారంలో వచ్చేస్తాయి. హెడ్‌మాస్టర్‌ను వార్డెన్ అన్నా (ర్యాడ్లీలో అంతే), మాస్టర్ అన్నా, హై మాస్టర్ అన్నా ఉద్యోగం అదే. మన హాస్టల్ వార్డెన్‌ను ఊహించుకుని ఉత్తరం రాయకుండా ఉంటే చాలు.

డబ్బు మాటలు మాత్రం నిదానంగా చదవాలి, ఈ పాఠంలో అసలు సరుకు ఇదే.

స్కాలర్‌షిప్ వచ్చిందంటే ఇక ఫీజు లేనట్టే అనుకుంటాం. అక్కడ అలా కాదు. స్కాలర్‌షిప్ అంటే ప్రతిభకు ఇచ్చే గౌరవం, చదువుకో, సంగీతానికో, ఆటలకో ఇస్తారు, దాంతోపాటు వచ్చే తగ్గింపు చాలాచోట్ల కొద్దిగానే ఉంటుంది, కొన్నిచోట్ల అసలు ఉండదు. బర్సరీ అనేది వేరే, అది కుటుంబం ఆదాయం, ఆస్తులు అన్నీ చూసి ఇచ్చే సాయం, ఏటా మళ్లీ కాగితాలు అడుగుతారు, కొద్దిమందికి పూర్తి ఫీజు దాకా కూడా ఇస్తారు. డబ్బు అవసరమైతే అడగాల్సింది బర్సరీ గురించి. విదేశాల్లో ఉండే కుటుంబాలకు ఇస్తారా లేదా అన్నది కూడా అప్పుడే అడగండి. ఈ లెక్కలన్నీ చూసే అధికారిని బర్సర్ అంటారు, బిల్లు మీద సందేహం ఉంటే హెడ్‌కు కాదు, ఆయన ఆఫీసుకు రాయాలి.

ఒక బిల్లు దగ్గరగా చూద్దాం. లెక్క సులువు కోసం టర్మ్ ఫీజు 12,000 పౌండ్లు అనుకోండి. మీవాడికి పది శాతం స్కాలర్‌షిప్ వచ్చింది, 1,200 పోయి 10,800 అయింది. సంతోషం. కానీ 2025 జనవరి 1 నుంచి బ్రిటన్‌లో ప్రైవేటు స్కూలు ఫీజుల మీద 20 శాతం వ్యాట్ వేస్తున్నారు, బోర్డింగ్ ఖర్చు మీద కూడా. అంటే ఇంకో 2,160 కలిసి 12,960. స్కాలర్‌షిప్ వచ్చాక కట్టేది బ్రోచర్‌లో ఉన్న అంకెకంటే ఎక్కువ! అది ఒక్క టర్మ్‌కే, ఏడాదికి మూడు టర్ములు, 38,880. అందుకే ఫీజు అంకె ఎక్కడ కనిపించినా పక్కన వ్యాట్ కలిపా, కలపకుండానా అని రాసుందేమో వెతకండి, ఏడాదికా టర్మ్‌కా అన్నది కూడా. దానికింద ఎక్స్‌ట్రాస్ అని ఇంకో వరస వస్తుంది: విడిగా సంగీతం పాఠాలు, ట్రిప్పులు, పరీక్ష ఫీజులు, యూనిఫాం. బ్రోచర్‌లో ఒక్క ముక్కలో దాటేస్తారు గానీ బిల్లులో అది చిన్నదేం కాదు.

సీటు ఒప్పుకున్నప్పుడు కట్టేది డిపాజిట్, విదేశాల నుంచి వచ్చేవాళ్ల దగ్గర చాలా స్కూళ్లు ఎక్కువే అడుగుతాయి, మామూలుగా చివరి బిల్లులో సర్దుతారు. రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం తిరిగి రాదు. ఇక నోటీసు. ఒక టర్మ్ నోటీసు అంటే నెల రోజుల ముందు మెయిల్ పెడితే సరిపోతుందని కాదు. జులైలో, అంటే సమ్మర్ టర్మ్ చివర మాన్పించాలంటే, ఆ టర్మ్ మొదలవకముందే రాతపూర్వకంగా చెప్పాలి. లేకపోతే పిల్లాడు రాకపోయినా తర్వాతి టర్మ్ ఫీజు మొత్తం కట్టాలి, దాన్నే ఫీజ్ ఇన్ ల్యూ అంటారు. ఒప్పందం సంతకం పెట్టేముందు నిజంగా చదవాల్సిన వాక్యం ఇదొక్కటే అంటే ఇదే అంటాను.

హౌస్ అంటే ఏమిటో చూద్దాం. మన బళ్లలో రెడ్ హౌస్, బ్లూ హౌస్ అని ఆటలపోటీలకు పెడతారే, అది కాదు. బోర్డింగ్ స్కూల్లో హౌస్ అంటే అచ్చంగా ఒక భవనం, అందులో పిల్లలు ఉంటారు, హౌస్‌మాస్టర్ లేక హౌస్‌మిస్ట్రెస్ తన కుటుంబంతో అక్కడే కాపురముంటారు. రోజువారీ పనులు, జ్వరాలు, తప్పిపోయిన సాక్స్, ఏడుపులు ఇవన్నీ మేట్రన్ చూస్తారు. చదువు ఎలా సాగుతోందో చూసేది ట్యూటర్. చిన్నవాళ్లకు నలుగురైదుగురు కలిసి పడుకునే డార్మ్, పెద్దయ్యాక మంచమూ బల్లా ఉన్న సొంత గది. సాయంత్రం హౌస్‌లో కూర్చుని హోంవర్క్ చేసుకునే సమయాన్ని ప్రెప్ అంటారు. అవును, మళ్లీ అదే మాట, ‘ప్రెప్‌లో ఉన్నాడు’ అంటే ప్రెప్ స్కూల్లో ఉన్నాడని కాదు. రాత్రి ఏదైనా అయితే ఫోన్ చేయాల్సింది హౌస్‌మాస్టర్‌కే, స్కూలు ఆఫీసుకు కాదు, ఆ నంబరు మొదటి రోజే తీసుకోండి. పిల్లాడికి హౌస్‌లో వాళ్లతోనే ఇబ్బంది ఉంటే? అందుకోసం హౌస్‌తో సంబంధంలేని ఒక బయటి మనిషిని స్కూలు చూపించాలి, ఇండిపెండెంట్ పర్సన్ అంటారు, ఆ వివరం పిల్లలకు తెలిసేలా ఉండాలి. చూడటానికి వెళ్లినప్పుడు అడగండి.

ఇప్పుడు వారాంతాలు. ఫుల్ బోర్డింగ్ అంటే టర్మ్ అంతా అక్కడే. వీక్లీ అంటే శుక్రవారం సాయంత్రమో శనివారమో ఇంటికి. ఫ్లెక్సీ అంటే అవసరమైన రాత్రులే. కాగితం మీద ఇంతే, కానీ ఫుల్ బోర్డింగ్ అని రాసుకున్న స్కూలే శనివారం మధ్యాహ్నానికి సగం ఖాళీ అయిపోవచ్చు, ఎందుకంటే దగ్గర్లో ఉన్నవాళ్లంతా ఇళ్లకు పోతారు. మిగిలేది దూరం నుంచి వచ్చినవాళ్లు, అంటే మీవాడు. అందుకని ‘ఫుల్ బోర్డింగ్ ఉందా’ అని అడక్కండి, ‘మామూలు శనివారం రాత్రి హౌస్‌లో ఎంతమంది ఉంటారు, ఏం చేస్తారు’ అని అడగండి. నీళ్లు నమిలితే జవాబు దొరికినట్టే.

ఎగ్జియాట్ అంటే స్కూలు నుంచి బయటికి పంపే వారాంతం. కొన్నిచోట్ల ఇష్టమైతే వెళ్లొచ్చు, కొన్నిచోట్ల ఆ రెండు మూడు రోజులు హౌస్‌లే మూసేస్తారు, ఒక్కరూ ఉండటానికి వీల్లేదు. టర్మ్ మధ్యలో వారమో రెండు వారాలో వచ్చే హాఫ్ టర్మ్ సెలవు కూడా అంతే. తల్లిదండ్రులు వేరే దేశంలో ఉంటే పిల్లాడు ఎక్కడికి పోవాలి? అక్కడ వస్తాడు గార్డియన్. కోర్టు పెట్టే సంరక్షకుడు కాదీయన, బ్రిటన్‌లోనే ఉండి సెలవుల్లో ఇంట్లో పెట్టుకునే, జబ్బు చేస్తే వచ్చి తీసుకెళ్లే, పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లే మనిషి. తెలిసినవాళ్లు కావచ్చు, డబ్బు తీసుకునే ఏజెన్సీ కావచ్చు. ఏజెన్సీ అయితే ఏజిస్ అనే సంస్థ గుర్తింపు ఉందో లేదో చూడండి. మొహమాటానికి ‘మా తమ్ముడున్నాడు లండన్‌లో’ అని పేరు రాసేయకండి, ఆయనకు ముందు ఏటా ఇన్ని వారాంతాలు, ఇన్ని సెలవులు అని కేలెండర్ చూపించి, నిజంగా ఒప్పుకుంటేనే రాయండి.

అభ్యాసం. పైన ఇచ్చిన బ్రోచర్ ముక్క మళ్లీ చదివి, ఒక్కో వాక్యానికి మీరు స్కూలుకు రాయాల్సిన ప్రశ్న ఒకటి రాసుకోండి. తర్వాత ఈ లెక్క చేయండి: టర్మ్ ఫీజు 14,000 పౌండ్లు, వ్యాట్ కలపలేదు, బర్సరీ 40 శాతం, స్కాలర్‌షిప్ లేదు, ఏడాదికి ఎంత కట్టాలి? చివరిది, సమ్మర్ టర్మ్ ఏప్రిల్ 21న మొదలై జులై 4న అయిపోతుంది, పిల్లను ఆ జులైలో మాన్పించాలనుకుంటున్నారు, మే 2న మెయిల్ పెట్టారు, బిల్లులో ఏం వస్తుంది? జవాబులు మూడో పాఠం మొదట్లో, ఆ పాఠంలో అమెరికా బోర్డింగ్ స్కూళ్ల మాటలు మొదలుపెడదాం.